డైపర్ ఏ బుట్టలో వెయ్యాలి?

మా పాప పుట్టింది 2015 ఆగస్టులో, తెనాలిలో. పుట్టింట్లో మూడు నెలలుండి హైదరాబాద్ వచ్చేశాను. ప్రసూతి సెలవు అప్పటికి 12 వారాలే. దాన్ని 26 వారాలు చేసిన చట్టం 2017లో వచ్చింది, అప్పటికి మా పాప నడిచేస్తోంది. సెలవు అయిపోవచ్చే సమయానికి పిల్లని ఎవరి చేతిలో పెట్టి ఆఫీసుకి వెళ్ళాలో తోచలేదు. మా నాన్న ఆరోగ్యం బాగాలేక అమ్మ కదిలే పరిస్థితి లేదు. రేపల్లె దగ్గర పొలం, పాడి వదిలి అత్తయ్య రాలేరు. ఉద్యోగం మానేశాను. కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాటు, రెండు జీతాలతో నడిచిన సంసారం ఒక్క జీతం మీదికొచ్చింది.

ఇప్పుడు మా ఇంటికొచ్చినవాళ్ళు బాల్కనీలో కంపోస్టు బకెట్లు, మేకుకి వేలాడే గుడ్డ సంచులు చూసి "మీకు మొదటినుంచీ పర్యావరణం అంటే ఇంత పట్టింపా?" అని అడుగుతుంటారు. మొదట నేను పట్టుకున్నది పద్దుల పుస్తకాన్ని. భూమి గురించిన ఆలోచన దాని వెనకాల మెల్లగా వచ్చింది. వచ్చాక మాత్రం ఇల్లు వదల్లేదు.

ఆ పద్దుల్లో కూరగాయల కన్నా, పాల కన్నా పైన కనిపించింది డైపర్ల ఖర్చు. ఒక్కోటి పది రూపాయల లెక్కన, పసిపిల్లకి రోజుకి ఆరో ఏడో. నెల తిరిగేసరికి రెండు వేలు. అద్దె పోగా మిగిలినదాంట్లో రెండు వేలంటే మాకు చిన్న మాట కాదు.

అవే రోజుల్లో జీహెచ్‌ఎంసీ ఇంటింటికీ రెండేసి చెత్తబుట్టలు ఇచ్చింది. ఆకుపచ్చది తడి చెత్తకి, నీలంది పొడి చెత్తకి. ఉల్లిపాయ తొక్కలు ఇందులో, బిస్కెట్ కవర్లు అందులో అనుకుంటూ వేస్తుంటే బాగానే ఉండేది. బరువెక్కిన డైపర్ చేత్తో పట్టుకుని నిలబడ్డప్పుడే చిక్కు వచ్చేది. తడిగా ఉంది కాబట్టి ఆకుపచ్చ బుట్టా? పైనా కిందా ప్లాస్టిక్కే కాబట్టి నీలం బుట్టా? పొద్దున మా అపార్టుమెంటుకి చెత్త కోసం వచ్చే అతన్నే అడిగాను. "ఎందులో వేసినా నేను ఏరాల్సిందే కదమ్మా" అన్నాడు. అంటూనే పక్కింటి బుట్ట తిరగేసి, అన్నం మెతుకుల మధ్య నుంచి రెండు డైపర్లు తీసి వేరే గోనెలో పడేశాడు. ఒకటి చినిగి, లోపలి జిగురు పలుకులు అతని వేళ్ళకి అంటుకున్నాయి. గ్లౌజులు లేవు. ప్యాంటుకి తుడుచుకుని అదే చేత్తో నా బుట్ట అందుకున్నాడు.

ఆ మర్నాటినుంచి డైపర్లని పాత పేపర్లో చుట్టి, దారం కట్టి, విడిగా చేతికివ్వడం మొదలుపెట్టాను. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలూ దాదాపు ఇదే చెప్పాయి. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు గట్టిగా చుట్టి పొడి చెత్తలో పెట్టాలని అప్పట్లో రూలు. చెప్పుకోవడానికి చాలా చిన్న పని. కానీ ఇప్పటికీ మా అపార్టుమెంటులో సగం ఇళ్ళవాళ్ళు చెయ్యరు. చదువుకున్నవాళ్ళే, మంచివాళ్ళే. ఆ చేతుల్ని ఒక్కసారి దగ్గరగా చూస్తే చేస్తారని నా నమ్మకం.

అవన్నీ ఎక్కడికి పోతాయో కూడా కొన్నాళ్ళకి తెలిసింది. దమ్మాయిగూడ వైపు పిన్నివాళ్ళు ఇల్లు కట్టుకుంటే గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాల వేళకి గాలి అటునుంచి ఇటు తిరిగింది. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన. పంతులుగారితో సహా అందరూ ఒక్క క్షణం ఆగిపోయారు. పిన్ని మొహం చిన్నబోయింది. "వానాకాలం ఇంకా ఎక్కువగా ఉంటుందిటమ్మా" అంది. ఆ చెత్తకొండ నుంచి ఊరే నల్లటి నీళ్ళు మల్కారం చెరువులోకి చేరుతున్నాయని అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. పాపని భుజం మీద వేసుకుని, ఆ పూట కూడా దానికి డైపరే వేసి ఉన్నాను. మన ఇంట్లోంచి పోయింది ఇంకొకళ్ళ ఇంటి ముందుకి చేరుతుందన్న సంగతి నాకు ఏ పుస్తకంలోనూ అంత బాగా అర్థం కాలేదు.

ఇంటికొచ్చాక అటక మీది మూట దించాను. తెనాలి నుంచి వచ్చేటప్పుడు అమ్మ బలవంతాన కట్టిచ్చిన మూట అది. విప్పితే అన్నీ అమ్మమ్మ చీరలే. వంకాయరంగు మంగళగిరి చీర, చిన్నగళ్ళ నేతచీర, ఏ రంగుదో గుర్తుపట్టలేనంతగా వెలిసిపోయింది ఇంకొకటి. ఎన్నేళ్ళ ఉతుకులు తిన్నాయో, చేత్తో పట్టుకుంటే గుడ్డ ఉన్నట్టే తెలియడం లేదు. అమ్మ వాటిని మూలకి మూల మడిచి త్రికోణంగా లంగోటాలు కుట్టింది. అంచులు మిషను మీద కుట్టలేదు, చంటిదానికి ఒరుసుకుంటుందని చేత్తోనే సన్నగా మడిచి కుట్టింది. అడుగున ఒక బొంత. నాలుగు పొరల చీరలు పరిచి, బారుగా దూరదూరం కుట్లు వేసుకుంటూ పోయింది. ఆ కుట్లలో కొన్ని చోట్ల దారం రంగు మారింది. తెల్లదారం అయిపోయి ఎర్రదారం ఎక్కించి ఉంటుంది. అమ్మ మధ్యాహ్నాలు గడప పక్కన కూర్చుని కళ్ళజోడు సర్దుకుంటూ ఇవన్నీ కుడుతుంటే, "ఇప్పుడెవరు వాడతారమ్మా ఇవి" అని నేనే అనేదాన్ని. ఆవిడ తలెత్తకుండా "ఉండనీ, గుడ్డే కదా, తిండి అడుగుతుందా" అనేది.

అప్పటికే డైపర్ బిగుతుకి పాపకి తొడల సందుల్లో ఎర్రగా కమిలింది. పిల్లల డాక్టరు పూతమందు రాసిచ్చి, పగలు కొన్ని గంటలైనా గాలి తగలనివ్వమన్నారు. అలా పగలు లంగోటా, రాత్రి డైపర్ అన్న పద్ధతి మా ఇంట్లో మొదలైంది. కమిలిన చోట చర్మం మామూలైంది, డైపర్ల ఖర్చు సగానికి సగం పడిపోయింది.

కానీ 2016 వేసవి వచ్చింది. ఆ ఏడాది హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. సింగూరు, మంజీరా, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నాలుగూ అడుగంటాయి. ఊరు మొత్తం కృష్ణ, గోదావరి నీళ్ళ మీద బతికింది. మా అపార్టుమెంటు బోరు ఏప్రిల్లోనే గాలి ఊదింది. ట్యాంకరు వచ్చిన రోజు పండగ. అలాంటప్పుడు రోజుకి పాతిక లంగోటాలు ఉతకడం అంటే ఇరుగుపొరుగుకి మొహం చూపించాలంటేనే టెన్షన్. మళ్ళీ పూర్తిగా డైపర్లకి వెళ్ళిపోదామా అని మా ఆయన అడిగారు కూడా.

అప్పుడు అత్తయ్య వారం రోజులు వచ్చి ఉన్నారు. ఆవిడ సలహాలేవీ చెప్పలేదు. బాత్రూంలో మూడు బకెట్లు వరసగా పెట్టి, చివరి జాడింపు నీళ్ళు పారబోయకుండా మర్నాడు మొదటి నానబెట్టుకి వాడటం చేసి చూపించారు. మంచినీళ్ళ ఫిల్టరు గొట్టంలోంచి సింకులోకి పోతున్న నీళ్ళు చూసి "ఇవేం నీళ్ళమ్మాయ్?" అని అడిగారు. ఆర్‌వో ఫిల్టరు ఒక లీటరు మంచినీళ్ళు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు బయటికి తోసేస్తుంది. ఆ మాట చెప్పేసరికి ఆవిడకి నోట మాట రాలేదు. సాయంత్రానికల్లా ఆ గొట్టం కింద బకెట్టు వచ్చి చేరింది. ఉప్పు ఎక్కువ కాబట్టి మొక్కలకి రోజూ పోస్తే మంచిది కాదు. ఇల్లు తుడవడానికి, లంగోటాలు మొదటిసారి జాడించడానికి, బాత్రూములు కడగడానికి దివ్యంగా పనికొచ్చాయి. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు మాత్రం కరివేపాకు కుండీకి. రేపల్లెలో అయితే అవి కుడితి తొట్లోకి పోయేవి. గేదెకి దక్కాల్సింది కరివేపాకుకి దక్కుతోంది అని అత్తయ్య నవ్వేవారు.

సబ్బు సంగతి కూడా అప్పుడే మారింది. బోరు నీళ్ళలో బట్టల సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. పసిపిల్ల బట్టల్లో ఆ తెట్టు మిగిలిపోతోందని బెంగ. మెత్తగా ఉంటాయని కంఫర్ట్ లాంటివి వేస్తే లంగోటా తడి పీల్చడమే మానేస్తుంది. అమ్మకి ఫోన్ చేస్తే బస్సులో ఒక సంచీడు కుంకుడుకాయలు పంపింది.

కుంకుడుకాయల సంచీ విప్పితే నాకు తెనాలిలో మా ఇంటి పెరడే ఎదురొచ్చింది. ఆదివారం పొద్దున అమ్మమ్మ చిన్న రాయి, పెద్ద రాయి పెట్టుకుని కూర్చునేది. కాయ మీద ఒక్క దెబ్బ, అంతకన్నా గట్టిగా కొడితే గింజ కూడా చితుకుతుంది. టక్‌మని నల్లటి నున్నటి గింజ ఎగిరి పడేది. తొక్కలు వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి, నురగ తేలాక పాత గుడ్డలో వడగట్టేది. తలకి ఆముదం పెట్టించుకుని మేం వరసగా పీటల మీద కూర్చునేవాళ్ళం. రసం కళ్ళలో పడగానే ఏడుపు లంకించుకుంటే, నోట్లో ఒక ఉప్పుకల్లు వేసి "చప్పరించు, మంట పోతుంది" అనేది. పోయేదో లేదో తెలియదుగానీ నోరు మూతబడేది. తలంటి అయ్యాక వేపపుల్లల మంట మీద సాంబ్రాణి, ఆ పొగలో తడి జుట్టు ఆరబెట్టుకోవడం.

ఫ్లాటులో కుంకుడుకాయలు కొట్టడానికి చోటెక్కడ? బాల్కనీలో గోనెపట్టా నాలుగు మడతలు వేసి, దాని మీద సన్నికల్లు పెట్టి, కింద ఇంటివాళ్ళు ఆఫీసుకి వెళ్ళాక కొట్టేదాన్ని. ఒక పూట కూర్చుంటే పది రోజులకి సరిపడా తొక్కలు వచ్చేవి. రాత్రి నానబెట్టిన రసంలో లంగోటాలు నానేసి, పొద్దున జాడించి, ఎండలో వేస్తే మరక సగం ఎండే తినేసేది. మిగిలిన పిప్పితో ఇత్తడి దీపాలు తోమేదాన్ని. పాప కొంచెం పెద్దదయ్యాక ఆ గింజలు పోగేసుకుని వామనగుంటలు ఆడటం నేర్చుకుంది. దానికి ప్లాస్టిక్ బొమ్మలు మేం పెద్దగా కొనలేదు. ఏటికొప్పాక లక్క బొమ్మలు మా చెల్లెలు విశాఖ నుంచి తెచ్చింది. అంకుడు కర్రతో చేసి, చెట్ల రంగులు కలిపిన లక్క పూస్తారు. పళ్ళొచ్చే వయసులో నోట్లో పెట్టుకున్నా భయం లేకపోయేది. ఆ గిలక ఇప్పటికీ ఉంది, దాని మీద పాప పంటి గాట్లతో సహా.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకి పోలేను. ఈ పనులన్నీ చదవడానికి ముచ్చటగా ఉంటాయి. చేసేది మాత్రం రాత్రి నిద్ర లేని, నడుం పట్టేసిన ఒక బాలింత. పాపకి పది నెలలొచ్చేసరికి నా చేతులు ఒరుసుకుపోయాయి, బకెట్టు ఎత్తితే నడుం కలుక్కుమనేది. మా ఆయనవి నైట్ షిఫ్టులు, పగలు నిద్రపోవాలి. ఒకరోజు అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ ఏడ్చేశాను. అమ్మ ఆ మాటకి కంగారుపడలేదు. "నిన్ను పెంచినప్పుడు ఇంట్లో మీ నాయనమ్మ ఉంది, మేనత్త ఉంది, చాకలి వచ్చేది. నువ్వొక్కదానివే అన్నీ ఎలా చేస్తావే? కుదిరినన్ని చెయ్యి, లేకపోతే డైపర్ వెయ్యి" అంది. పాత రోజులు గొప్పవి అనేవాళ్ళు ఆ రోజుల్లో ఆ పని ఎంతమంది పంచుకున్నారో కూడా చెప్పాలి. భూమిని కాపాడే పనంతా తెచ్చి తల్లి ఒక్కదాని నెత్తిన పెడితే అది నాలుగు నెలలు కూడా నిలవదు. మా ఇంట్లో నిలిచిన అలవాట్లన్నీ ఇంకో చెయ్యి పడ్డవే.

ఉదాహరణకి కరెంటు. దాని మీద నాకన్నా మా ఆయనకే పట్టు వచ్చింది. 2018 వేసవిలో ఏసీ పెట్టించాం. తెలంగాణలో ఇంటి కనెక్షన్‌కి నెలకి 200 యూనిట్ల దగ్గర ఒక గీత ఉంది. అది దాటితే పైన కాల్చిన యూనిట్లకే ఎక్కువ రేటు పడుతుందని మేం అనుకునేవాళ్ళం. బిల్లు పట్టుకుని కూర్చుంటే మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతోంది. 200 దగ్గర ఆగడానికీ, ఒక్క యూనిట్ దాటడానికీ మధ్య రెండు వందల రూపాయల పైనే తేడా. అది అర్థమయ్యాక ఆయన మీటరు చదవడం మొదలుపెట్టారు. పొద్దున పాల ప్యాకెట్ తీసుకోవడానికి కిందికి వెళ్ళినప్పుడు అంకె చూసుకొచ్చి క్యాలెండర్ మీద తారీఖు పక్కన రాసేవారు. ఆ క్యాలెండర్ మీద పాలవాడి లెక్కలు, పాప టీకాలు, ఏకాదశులు, మీటరు అంకెలు అన్నీ కలిసిపోయి ఉండేవి.

ఏసీ 18లో పెట్టి దుప్పటి కప్పుకునే అలవాటు పోయి, 24లో పెట్టి ఫ్యాను వేసుకోవడం వచ్చింది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుందని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెప్తుంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24లోనే మొదలవ్వాలని రూలు కూడా పెట్టారు. ఫ్యాన్లు పాడైనప్పుడల్లా ఒక్కోటీ బీఎల్‌డీసీ ఫ్యానుకి మార్చాం. మామూలు ఫ్యాను 75 వాట్లు లాగేచోట ఇది 30 పైచిలుకుతో సరిపెట్టుకుంటుంది. బాగున్నవాటిని తీసేసి కొత్తవి పెట్టడం మాత్రం మా ఇద్దరికీ నచ్చదు. బల్బుల విషయంలో తెనాలి మా కన్నా ముందుంది. గుంటూరు జిల్లాలో 2014లోనే పాత బల్బు తీసుకుని పది రూపాయలకి ఎల్‌ఈడీ ఇచ్చారు. అరవై వాట్ల బల్బు ఇచ్చే వెలుగు అంత తక్కువ కరెంటుకే వస్తుంటే మా నాన్న రోజూ సాయంత్రం దాన్ని వేసి కాసేపు మెచ్చుకునేవారు.

సంచుల అలవాటు ఎలా వచ్చిందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కూకట్‌పల్లి రైతుబజారుకి వెళ్ళేటప్పుడు గుడ్డ సంచీ చేతిలో ఉంటే ఉంది, లేకపోతే లేదు. అందుకని చెప్పుల స్టాండు పక్కనే మేకు కొట్టాం. చికెన్‌కి, చేపలకి స్టీలు డబ్బా తీసుకెళ్తే మొదట కొట్టతను వింతగా చూశాడు, తర్వాత "అక్కా, డబ్బా ఇటివ్వండి" అని ముందే చెయ్యి చాపేవాడు. చిన్నప్పుడు తెనాలిలో హోటలుకి ఇడ్లీల కోసం టిఫిన్ క్యారేజీ పట్టుకుని నేనే వెళ్ళేదాన్ని, పై గిన్నెలో చట్నీ. పాల ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించకుండా, ఆ ముక్క అంటి ఉండేలా గాటు పెట్టడం పాపకి నేనే నేర్పాను. ఆ చిన్న ముక్క విడిపోయిందంటే ఏ చెత్త ఏరేవాళ్ళ చేతికీ దొరకదు, కాలవలోకే పోతుంది. కవర్లు కడిగి ఆరబెట్టి పాత పేపర్లవాడికే వేస్తాం.

అమ్మ వాళ్ళ తరానికి ఈ పొదుపు ఒక సరదా కూడా. మధ్యాహ్నం వీధిలో "పాత బట్టలకి స్టీలు సామాన్లూ" అని కేక వినపడితే మా వీధి ఆడవాళ్ళందరూ అరుగుల మీదికి వచ్చేసేవాళ్ళు. గంపలో తళతళలాడే గిన్నెలు. అమ్మ ముందు ఒక చీర పెట్టేది. గంపావిడ దాన్ని వెలుతురుకెత్తి చిరుగులు వెతికేది. "ఇంకో రెండు ప్యాంట్లు వెయ్యి తల్లీ, ఈ బేసిను తీసుకో." "బేసినుతో పాటు ఆ గరిటె కూడా ఇస్తే వేస్తా." "నష్టం తల్లీ." గంప నెత్తికెత్తుకున్నట్టు చెయ్యడం, అమ్మ లోపలికి వెళ్ళిపోతున్నట్టు చెయ్యడం, మళ్ళీ ఇద్దరూ కూర్చోవడం. చివరికి గరిటె కూడా వచ్చేది. మంచినీళ్ళు తాగి ఆవిడ వెళ్ళాక అమ్మ మొహంలో ఆ వెలుగు పట్టుచీర కొన్నప్పుడు కూడా చూడలేదు. ఆ బేసినులోనే ఇప్పుడు నేను పిండి కలుపుతున్నాను. పైన చుక్కలుగా చెక్కించిన అమ్మ పేరు అరిగిపోయింది.

బాబు పుట్టింది 2019 చివర్లో. అప్పటికి నేను మళ్ళీ ఉద్యోగంలో చేరి ఉన్నాను, ఈసారి 26 వారాల సెలవు దొరికింది. సెలవులో ఉండగానే లాక్‌డౌన్ వచ్చింది. పనమ్మాయి రాదు, ఆయన ఆఫీసు ఇంట్లోనే. నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో పగలు ఏం జరుగుతోందో ఆయన పూర్తిగా చూడటం అదే మొదలు. ఎవరూ చెప్పకుండానే ఒకరోజు పొద్దున్నే లంగోటాల బకెట్టు పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళారు. మీటింగు మొదలయ్యేలోపు జాడించి, ఆరేసి, క్లిప్పులు పెట్టి వచ్చారు. ఆ రోజునుంచి ఆ పని ఆయనది. పాపప్పుడు ఏడాది తిరక్కుండానే లంగోటాలు తగ్గిపోతే, బాబుకి డైపర్లు ప్రయాణాలకి తప్ప కొన్నట్టు గుర్తు లేదు. అవే లంగోటాలు. అమ్మమ్మ చీరలు మళ్ళీ బాల్కనీ తీగ మీద వరసగా ఎగిరాయి.

కంపోస్టు కూడా ఆ లాక్‌డౌన్ చలవే. రంగుల డబ్బా ఖాళీది ఒకటి దొరికితే పక్కలంట, అడుగున చిల్లులు పెట్టి, కింద పళ్ళెం ఉంచాం. అడుగున కొబ్బరి పీచు, ఆ పైన వంటింటి తొక్కలు, వాటి మీద ఎండుటాకులు. మా వీధిలో కానుగ చెట్ల ఆకులు ఊడ్చి తగలబెట్టేవాళ్ళు. పాప సంచీ పట్టుకుని వెళ్ళి అవే తెచ్చేది. పుల్లటి మజ్జిగ నీళ్ళలో కలిపి చిలకరిస్తే కుళ్ళడం త్వరగా మొదలైంది. రెండో వారం పుచ్చకాయ తొక్కలు ఎక్కువ పడి, తడి పెరిగి, మూత తీస్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. ఎండుటాకులు రెండింతలు వేసి కర్రతో కలిపితే రెండు రోజుల్లో వాసన పోయింది. తర్వాత తెల్లటి లావుపాటి పురుగులు కనిపించి పాప కెవ్వుమంది. అవి మనల్నేమీ చెయ్యవు, తొక్కల్ని తిని పెడతాయి, వాటి పని అయ్యాక అవే పోతాయి. రెండు నెలలు దాటాక అడుగున నల్లగా పొడిపొడిగా మట్టి తయారైంది. చేత్తో తీసి నలిపితే తొలకరి వాసన. మొన్నటిదాకా సొరకాయ తొక్కు, టీ పొడి, అరటి డొప్ప అయినదే ఇదని నమ్మబుద్ధి కాలేదు. ఆ మట్టిలో వేసిన గోంగూర కట్టలు కట్టలుగా రాకపోయినా, పచ్చడికి సరిపడా మూడుసార్లు కోసుకున్నాం. ఆకుపచ్చ బుట్ట అప్పటినుంచి దాదాపు ఖాళీయే.

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, ప్లేట్లు, కప్పులు, బెలూన్ల పుల్లలు, అలంకరణ థర్మోకోల్ దేశమంతా నిషేధించారు. ఆగస్టులో పాప ఏడో పుట్టినరోజు. పిల్లలు, పెద్దలు కలిపి యాభై మంది వస్తారు, ఎందులో పెట్టాలి? కాగితం ప్లేట్లు అన్నారు ఒకరు, వాటిలో చాలా వాటికి లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. మా ఎదురింటి వదినది సిద్దిపేట వైపు. వాళ్ళ దగ్గర ఊళ్ళలో స్టీల్ బ్యాంకులని ఉన్నాయట. మహిళా సంఘాల దగ్గర పళ్ళేలు, గ్లాసులు, గిన్నెలు ఉంటాయి, పెళ్ళికో పేరంటానికో అద్దెకి తీసుకెళ్ళి కడిగి తిరిగి ఇచ్చేస్తారు. "మనమూ పెట్టుకుందాం వదినా" అంది. అపార్టుమెంటులో తలా ఇంత వేసుకుని పళ్ళేలు, గ్లాసులు కొన్నాం. మా పాప పుట్టినరోజే బోణీ. భోజనాలయ్యాక కింద పంపు దగ్గర పిల్లలందరూ వరసగా కూర్చుని తోమారు, సగం నీళ్ళు వాళ్ళ మీదే పోసుకున్నారు. ఇప్పుడు ఆ పెట్టె తాళం ఎదురింటి వదిన దగ్గర ఉంటుంది. సత్యనారాయణ వ్రతాలకి, సీమంతాలకి, వినాయక చవితికి తిరుగుతూనే ఉంటుంది. మెట్ల కింద ఆ పెట్టెని చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

చెయ్యలేనివి ఇంకా చాలా ఉన్నాయి. పాలు ప్యాకెట్లలోనే వస్తాయి. ఆన్‌లైన్‌లో ఏది తెప్పించినా చిన్న వస్తువుకి పెద్ద డబ్బా, దానికి చుట్టూ టేపు. స్కూలు వాళ్ళు ఏటా కొత్త అట్టలు, కొత్త లేబుళ్ళు అంటారు. పాత నోటుబుక్కుల్లో మిగిలిన కాగితాలు కుట్టి రఫ్ పుస్తకం చేస్తే పాప వాడుతుంది, బాబు మాత్రం బొమ్మలున్న పుస్తకమే కావాలని పట్టుబడతాడు. వాడితో నేను గొడవ పెట్టుకోను.

మా చెల్లెలికి ఇప్పుడు ఏడో నెల. పోయిన వారం లంగోటాలు దించి, కుంకుడు రసంలో ఉతికి, రెండు ఎండలు పట్టించాను. కొన్ని మరీ చిల్లులు పడిపోతే వాటిని మసిగుడ్డలకి తీసి, నా పాత నూలు చీర ఒకటి చింపి కొత్తవి కుట్టాను, అమ్మ కుట్టినట్టే చేత్తో. బొంత, ఏటికొప్పాక గిలక కూడా మూటలో పెట్టి బస్సు పార్సెల్‌లో పంపాను. అందినట్టు చెల్లెలు ఫోన్ చేసి "అక్కా, ఇవన్నీ ఎలా వాడాలో, ఎలా ఉతకాలో చెప్పవే" అంది. వాడే పద్ధతి దానికి చెప్పాను. ఉతికే పద్ధతి చెప్పడానికి మాత్రం ఫోన్ మరిదిగారికి ఇమ్మన్నాను. ఆయన కాగితం, పెన్ను తెచ్చుకుని రాసుకున్నారు.